ఆటపాటలు – వెట్టిసేవ

"సేవ" అన్న మాట వినగానే చేతులు జోడించడం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటును కాస్త పక్కన పెట్టి, ఎవరు సేవ చేయాలంటున్నారు, ఎవరు చేయించుకుంటున్నారు, చేసేవారు దొరకని చోట నష్టపోయేది ఎవరు అని అడగవలసిన అవసరం వచ్చింది. కామారెడ్డిలోగాని, ఎల్లారెడ్డిలోగాని, ఆ రెంటి చుట్టుపట్ల పల్లెల్లోగాని ఏ సర్కారు బడి వార్షికోత్సవానికి పోయినా వేదిక మీద నుంచి ఇంచుమించు ఒకే ఉపన్యాసం వినవస్తున్నది. పిల్లలకు ఆటలు కావాలన్నా, పాటలు కావాలన్నా అన్నింటికీ ప్రభుత్వం వైపు చూడరాదట. ఊళ్ళో యువకులు ముందుకు రావాలట. పూర్వ విద్యార్థులు బంతులూ వలలూ కొనివ్వాలట. పాడవచ్చినవారు వారానికొక గంట బడికి వచ్చి నాలుగు పాటలు నేర్పిపోవాలట. ఉపన్యాసం ముగుస్తుంది, శాలువలు కప్పుతారు, ఫోటోలు దిగుతారు, కారెక్కి పోతారు. మరునాడు ఉదయం గంట కొట్టేటప్పటికి బడి ఎట్లా వున్నదో అట్లాగే వుంటుంది.

ఈ ప్రాంతపు బడుల్లో చాలాకాలం పాఠాలు చెప్పినవాణ్ణి గనుక ఆ ఉపన్యాసం నాకు కంఠతా వచ్చు. దానిని ఖండించక తప్పదని నా అభిప్రాయం. కూలికిపోయి వచ్చి, సాయంత్రం పూట పిల్లలకు కబడ్డీ పట్లు నేర్పే కుర్రవాళ్ళను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు; వాళ్ళే లేకపోతే చాలా ఊళ్ళలో ఆ మాత్రం కూడా వుండేది కాదు. వాళ్ళ ఉత్సాహాన్ని అడ్డం పెట్టుకొని తన బాధ్యత నుంచి తప్పుకొనే ఏర్పాటుతోనే నా పేచీ.

ముందు చట్టం ఏమంటున్నదో చూద్దాం. 2009లో పార్లమెంటు చేసి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో పెట్టిన విద్యాహక్కు చట్టానికి చివర ఒక పట్టిక వుంది. ప్రతి బడికీ ఆటస్థలం వుండాలని, తరగతి తరగతికీ అవసరమైన ఆట సామగ్రి ఇవ్వాలని అందులో వ్రాసి వుంది. ఆరు నుంచి ఎనిమిది వరకు తరగతులున్న చోట నూరుగురికి మించి పిల్లలుంటే కళావిద్యకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పనివిద్యకు పార్ట్ టైమ్ బోధకులు వుండి తీరాలని కూడా వ్రాసి వుంది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం పదవ తరగతి దాకా కళలు తప్పనిసరి విషయంగా వుండాలన్నది. మరి డబ్బు? ఆటల కోసం సమగ్ర శిక్షా పథకం 2018 నుంచి ప్రాథమిక పాఠశాలకు ఏడాదికి 5,000, ప్రాథమికోన్నత పాఠశాలకు 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల దాకా ఇవ్వవచ్చునన్నది. నాలుగు వందల మంది పిల్లలున్న ఉన్నత పాఠశాలలో పూర్తి మొత్తం వచ్చినా తలకు అరవై రెండున్నర రూపాయలు. ఆ డబ్బుతో ఒక పిల్లవాడు ఏడాది పొడుగునా ఏమి ఆడుకోగలడో లెక్కల మాస్టార్లే తేల్చాలి.

ఇంకొక వింత వుంది. ఈనాటి మూల్యాంకన పద్ధతిలో కళలు–సాంస్కృతిక విద్య, ఆరోగ్య–వ్యాయామ విద్య, పని–కంప్యూటరు విద్య, విలువల విద్య అని నాలుగు సహపాఠ్య విషయాలకు గ్రేడులు వేయాలి. నేర్పేవారే లేని పాటకు గ్రేడు ఎట్లా వేస్తారు? వేస్తారు. రిజిస్టరులో గడి ఖాళీగా వుండరాదు గనుక వేస్తారు. నోరు విప్పి ఒక్క చరణం పాడని పిల్లకు "ఎ" వస్తుంది, పొలంగట్ల మీద గొంతెత్తి పాడే పిల్లకు "బి" వస్తుంది.

వ్యాయామ ఉపాధ్యాయుడున్న బడుల సంగతి మాత్రం ఏమంత గొప్పగా వున్నది? ప్రార్థనలో వరుసలు నిలబెట్టడం ఆయన పని, మధ్యాహ్న భోజనం దగ్గర వరుసలు నిలబెట్టడం ఆయన పని, ఆగస్టు 15కు కవాతు ఆయన పని, అల్లరి చేసేవాళ్ళను అదుపు చేయడం ఆయన పని. ఆటల పీరియడు మాత్రం పదవ తరగతి ఫలితాల పేరుతో లెక్కలకో, సైన్సుకో పోతుంది. నేను పనిచేసిన ఒక బడిలో మండల పోటీలకు పిల్లలను తీసుకుపోవడానికి ఛార్జీలు పెట్టుకొన్నది వ్యాయామ ఉపాధ్యాయుడే. ఆ బిల్లు ఏ బల్ల మీద ఆగిందో ఆయన రిటైరయ్యేదాకా తెలియలేదు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు గనుక ఆడపిల్లల ఖోఖో జట్టుకు కొంత వూరట కలిగింది. మగపిల్లల కబడ్డీ జట్టుకు ఆ వూరట లేదు. ఆయన చేసింది గొప్ప పనే. కాని జీతగాడు తన జీతంలోంచి ప్రభుత్వానికి అప్పు పెట్టడాన్ని మనం త్యాగమని పొగుడుతుంటే ఆ అప్పు తీర్చవలసినవాడు హాయిగా నిద్రపోతాడు.

2022 జూన్‌లో ఊరూరా "తెలంగాణ క్రీడా ప్రాంగణం" అని బోర్డులు వెలిశాయి. ఆలోచన మంచిదే. కాని చాలా ఊళ్ళలో బోర్డు నిలిచింది, ప్రాంగణం నిలువలేదు. ఊరవతల, గుట్ట పక్కన, పంటకు పనికిరాని జాగాలో రెండు ఇనుప స్తంభాలు పాతి, దూకుడు గుంత ఒకటి తవ్వి వదిలిపెట్టారు. ఒక వాన వెళ్ళేసరికి గడ్డి మొలిచింది. ఇప్పుడా గడ్డి పీకడానికి కూడా యువకుల స్వచ్ఛంద సేవ కావాలంటున్నారు!

ఇక్కడే నాకు వెట్టి గుర్తుకు వస్తున్నది. తెలంగాణలో ఈ మాట అర్థం ఎవరికీ విప్పి చెప్పనక్కరలేదు. దొర గడీలో చాకలి బట్టలుతికితే వెట్టి, కుమ్మరి కుండలు పోస్తే వెట్టి, మాదిగ చెప్పులు కుడితే వెట్టి, ఆ గడీ ముందు డప్పు కొడితే అదీ వెట్టే. చేయించుకున్నవాళ్ళు దానిని వెట్టి అనేవారు కారు; మామూలు అనేవారు, ఆచారమనేవారు, ధర్మమనేవారు. 1930లో జోగిపేటలో తొలి సభ జరుపుకొని, 1937లో మన నిజామాబాదుకు వచ్చిన ఆంధ్రమహాసభ ఆ ఆచారాన్ని దాని అసలు పేరుతో పిలిచింది. సగం పోరాటం ఆ పేరు పెట్టడంలోనే వుంది. ఇప్పుడు పని చేయించుకొని కూలి ఎగవేయడానికి కొత్త పేరు వచ్చింది గనుక మనం కూడా ఆ పనే చేయవలసి వున్నది.

అతిశయోక్తి అంటారా? చుట్టూ చూడండి. 2005లో గ్రామీణ ఆరోగ్య పథకం ఆశా కార్యకర్తలను తీసుకున్నప్పుడు వారిని "స్వచ్ఛంద కార్యకర్తలు" అన్నది. గుండె దడదడలాడుతుంటే అర్ధరాత్రి గర్భిణిని ఆటోలో ఎక్కించుకొని ఆసుపత్రికి తీసుకుపోయే ఆడమనిషికి జీతం లేదు, ప్రోత్సాహకం మాత్రం వుంది. మధ్యాహ్న భోజనం వండే స్త్రీకి కేంద్రం 2009లో నెలకు 1,000 రూపాయల గౌరవ వేతనం నిర్ణయించింది. అందులో రాష్ట్రాల వాటా కూడా కలిసే వుంది. ఏళ్ళు గడిచినా ఆ అంకె కదలలేదు, కదిలిందల్లా రాష్ట్రాలు విడిగా కలిపిన ముక్కే. మన బడుల్లో టీచర్ల ఖాళీలను ఏళ్ళ తరబడి నింపినవారు విద్యా వాలంటీర్లు. 2020లో కరోనాతో బడులు మూతబడ్డాయి. తెరిచినప్పుడు వారిని మళ్ళీ పిలువలేదు. పిలువనందుకు ఎవరూ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు, ఎందుకంటే వాళ్ళు పేరుకు వాలంటీర్లు! పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఆగస్టు 15 నుంచి నెలకు 5,000 రూపాయలకు రెండు లక్షలకు మించి యువతీ యువకులను గ్రామ, వార్డు వాలంటీర్లుగా నియమించారు. 2024లో ప్రభుత్వం మారింది, వాళ్ళ బతుకు గాలిలో కలిసింది. ఉద్యోగమైతే తీసివేయడానికి నోటీసు కావాలి, సేవను తీసివేయడానికి నోటీసు ఎందుకు?

ఈ సందర్భంలో ఆటలకు సంబంధించిన ఒక తీర్పును మన విద్యార్థులు చదవాలి. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం స్టేడియాలు, వంతెనలు కడుతున్న కూలీలకు కనీస వేతనం ముట్టడం లేదని ప్రజాస్వామిక హక్కుల సంఘం ఒకటి సుప్రీంకోర్టుకు ఎక్కింది. కనీస వేతనానికి తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయే అవుతుందని ఆ సెప్టెంబరులో జస్టిస్ భగవతి తీర్పు వ్రాశారు. ఆకలి కూడా బలవంతమే. తుపాకి ఎక్కుపెట్టనక్కరలేదని దాని సారం. అంటే మన దేశంలో వెట్టికి న్యాయశాస్త్రంలో విశాలమైన అర్థం సంపాదించిపెట్టింది ఒక క్రీడోత్సవపు పునాదుల్లో రాళ్ళు మోసిన కూలీలు. క్రీడాస్ఫూర్తి గురించి ఉపన్యసించేవారు ఈ సంగతి ఎందుకు చెప్పరో?

అయితే నిజమైన స్వచ్ఛంద సేవ అంటూ లేదా? వుంది, కళ్ళారా చూశాము. 2025 ఆగస్టు ఆఖరి వారంలో కామారెడ్డి జిల్లా మీద ఆకాశం విరుచుకుపడింది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. కామారెడ్డి పట్టణంలో కాలనీలు నీట మునిగాయి. ఆ రాత్రి ఎవరి పిలుపూ లేకుండా వీధి కుర్రవాళ్ళు తాళ్ళు పట్టుకొని నీళ్ళలోకి దిగారు. ఆడవాళ్ళు పొయ్యి రాజేసి ఎవరికో తెలియని వారికి అన్నం వండారు. విపత్తు దళాలు వచ్చాయి, వాళ్ళూ చేయగలిగినంత చేశారు. ఎల్లారెడ్డి దిక్కున 1922లో పూర్తయిన పోచారం ఆనకట్ట నూరేళ్ళు దాటిన వయసులో ఆ వరదను తట్టుకొని నిలిచింది. ఈ రెంటినీ కలిపి చూడండి. మనుషులు ఒక రాత్రి తాళ్ళతో నిలబడగలరు. నూరేళ్ళు నిలబడడానికి మాత్రం ఖజానా డబ్బు, ఇంజనీర్లు, రాయి, సున్నం కావాలి. బడిలో ఆటపాటలు ఒక రాత్రి పని కాదు.

మరొకటి. 2023 జనవరిలో కామారెడ్డి మాస్టర్ ప్లాన్‌లో తమ పొలాలు పారిశ్రామిక ప్రాంతంగా చూపారని చుట్టుపట్ల ఊళ్ళ రైతులు కలెక్టరేటు ముందుకు వచ్చారు. వారి వెంట యువకులు నడిచారు, నీళ్ళు మోశారు, రాత్రింబగళ్ళు తిరిగారు, కేసులు పెట్టించుకున్నారు. చివరకు మున్సిపాలిటీ ఆ ప్లాన్‌ను వెనక్కు తీసుకొనక తప్పలేదు. వాళ్ళకు ఏ వేదిక మీదా "ఉత్తమ స్వచ్ఛంద సేవకుడు" శాలువ కప్పిన దాఖలా నేను చూడలేదు. ఎవరికీ ఇబ్బంది కలిగించని పనికే సేవ అన్న పేరు దక్కుతుంది కాబోలు!

నేషనల్ సర్వీస్ స్కీము సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన పాఠకుల్లో చాలామంది అందులో పనిచేసినవారే. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో, 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో అది మొదలైంది. రెండేళ్ళలో 240 గంటల సేవ, ఏడు రోజుల శిబిరం. అందులో పల్లెను తెలుసుకొని, జీవితమే మారిపోయిన విద్యార్థులు నాకు తెలుసు. కాని ఎక్కువ శిబిరాల్లో జరిగేది వీధి ఊడ్వడం. పల్లెలో వీధి ఊడ్చే మనిషి ముందే వుంది. ఆమె కులమేమిటో, ఆమె జీతం ఎన్ని నెలలుగా రాలేదో విద్యార్థులు అడిగి వ్రాసుకొని వస్తే అది విద్య అవుతుంది. ఆమె చేతి చీపురు ఒక గంట అరువు తీసుకొని బ్యానరు ముందు నిలబడితే దానిని ఏమనాలో మీరే చెప్పండి.

ఇక సంకల్పబలవాదులు వున్నారు. వాళ్ళు వెంటనే మాలావత్ పూర్ణను చూపిస్తారు. తప్పకుండా చూపించండి, నేనూ ఆమెనే చూపిస్తాను. నిజామాబాదు జిల్లా పాకాల అనే పల్లెలో కూలి పని చేసే గిరిజన దంపతుల బిడ్డ, 2014 మే 25న, పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. తెలంగాణ రాష్ట్రం ఇంకా ఎనిమిది రోజులకు గాని ఏర్పడదు. ఆమె వెంట ఎక్కినవాడు ఖమ్మం దిక్కు దళిత విద్యార్థి ఆనంద్‌కుమార్. పూర్ణ చదివింది ఎక్కడ? కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ నడుమ వున్న తాడ్వాయిలో, సాంఘిక సంక్షేమ గురుకులంలో. ఆమెకు తిండి పెట్టింది ప్రభుత్వం, పడక ఇచ్చింది ప్రభుత్వం, పాఠం చెప్పింది జీతం తీసుకొనే టీచర్లు. భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకోవడం నేర్పి, డార్జిలింగు పంపి, లడఖ్ చలిలో నిలబెట్టింది ప్రజల పన్నుల డబ్బు. సంకల్పం ఆమెదే, ఆ గుండెధైర్యం ఆమెదే. దానిని ఎవరు కాదనగలరు? కాని ఆ సంకల్పం కాలు మోపడానికి ఒక మెట్టు కట్టి వున్నది. మన పక్కనే నిజామాబాదు పట్టణంలో పెరిగి 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ విజేతగా నిలిచిన నిఖత్ జరీన్ కూడా అంతే. తండ్రి పట్టుదల ఆమెను మైదానానికి తెచ్చింది, విశాఖపట్నంలోని ప్రభుత్వ శిక్షణ కేంద్రం ఆమెను విజేతను చేసింది. ఇద్దరి కథల్లోనూ ఆ మెట్టును చెరిపివేసి, "చూశారా, పట్టుదల వుంటే చాలు" అని పిల్లలకు చెప్పడం వాళ్ళను మోసగించడమే.

వెనిజులాలో 1975లో అబ్రేయు అనే సంగీతకారుడు మొదలుపెట్టిన బాలల వాద్యబృందాల ఉద్యమం ప్రపంచమంతా పేరు పొందింది. అక్కడా మొదటి రోజుల్లో స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళున్నారు. కాని పేటల పిల్లలు లక్షల సంఖ్యలో వయొలిన్ పట్టగలిగింది ఆ దేశపు ప్రభుత్వాలు ఖర్చు భరించడం వల్లనే. క్యూబా 1961లో క్రీడలకు ఒక జాతీయ సంస్థ నిలిపి, వ్యాయామ విద్యను బడిలో భాగం చేసింది. ఆ చిన్న దీవి బాక్సర్లు ఒలింపిక్సులో ఎట్లా నిలిచారో లోకం చూసింది.

మన శిబిరంలోనే వున్న కొందరు మిత్రుల వాదన ఇంకొక తీరు. ఆటలు జనాన్ని మరిపించే మత్తు అని, పోరాటాల నుంచి యువకులను మళ్ళించడానికి పాలకులు క్రికెట్ బ్యాట్లు పంచుతారని వాళ్ళంటారు. ఎన్నికల ముందు బ్యాట్లు పంచే నాయకులను నేనూ ఎరుగుదును. కాని దాని నుంచి ఆటే పనికిరానిదన్న నిర్ణయానికి రావడం ఎట్లా? 1936లో హిట్లర్ బెర్లిన్ ఒలింపిక్సుకు పోటీగా బార్సిలోనాలో కార్మిక సంఘాలు, అభ్యుదయ సంఘాలు ప్రజా ఒలింపిక్సు తలపెట్టాయి. ఫ్రాంకో తిరుగుబాటు దానిని జరగనివ్వలేదు. అక్కడికి చేరిన క్రీడాకారుల్లో కొందరు అక్కడే వుండి గణతంత్రం పక్షాన తుపాకి పట్టారు. దేహాన్ని తీర్చిదిద్దుకొనే హక్కు కూడా శ్రామికుని హక్కే అని వాళ్ళకు తెలుసు. ఎనిమిది గంటల పనిదినం కోసం రక్తం ధారపోసింది మిగిలిన గంటల్లో మనిషిగా బతకడానికి కాదా?

పాట సంగతికి వస్తే నాకు కోపం ఎక్కువవుతుంది. ఎల్లారెడ్డి, గాంధారి, లింగంపేట తండాల్లో తీజ్ పండుగకు లంబాడీ ఆడపిల్లలు మొలకల బుట్టల చుట్టూ పాడుతూ ఆడతారు. ప్రతి ఊళ్ళో బతుకమ్మ పాట వుంది, కోలాటం వుంది. నిజామాబాదు జిల్లాకు చెందిన చిందు ఎల్లమ్మ చిందు భాగవతంలో ఆడమగ పాత్రలన్నీ ధరించి, 2005లో కన్నుమూసింది. చిందు యక్షగానానికి జనగామ జిల్లా గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ఇచ్చారు. పద్మశ్రీ ఇవ్వగలరు, సర్కారు బడిలో నెలజీతం మీద పిల్లలకు ఆ చిందు నేర్పే పని ఇవ్వలేరు. సంగీత కళాశాల సర్టిఫికెట్టు లేదు గదా! శాస్త్రీయ సంగీతం మీద నాకు ద్వేషం లేదు. గురుకులాల్లో సంగీతం టీచర్ల పోస్టులు కొన్ని వున్నాయి, అవి వుండడం మంచిదే. కాని తరతరాలుగా వెట్టి కింద ఊరూరా ఆడిన కులాల విద్యను ఇప్పటికీ ఊరికే వచ్చి ప్రదర్శించి పొమ్మనడం, వార్షికోత్సవం నాడు పది నిమిషాలు ఇచ్చి టీ తాగించి పంపడం, దీనికి "స్థానిక కళాకారుల స్వచ్ఛంద సహకారం" అని పేరు పెట్టడం చూస్తుంటే గడీలు కూలాయన్న మాట నిజమేనా అన్న అనుమానం కలుగుతున్నది.

2024 జూన్ 2న ప్రభుత్వం "జయ జయహే తెలంగాణ"ను రాష్ట్ర గీతం చేసింది. దానిని వ్రాసిన అందెశ్రీ బడి మెట్లెక్కి చదువుకున్నవాడు కాడు. గొర్లు కాశాడు, తాపీ పని చేశాడు. 2025 నవంబరులో మరణించాడు. ఆయన పాటను బడి పిల్లలు శ్రుతిలో పాడాలంటే నేర్పడానికి ఒక మనిషి వుండాలి గదా? సెల్‌ఫోనులో పాట పెట్టి, మైకు దగ్గర పట్టుకుంటే పిల్లలు పెదవులు కదిలిస్తారు. ఒకనాడు జీతానికుండే పశులకాపరి పిల్లవాని మీద సుద్దాల హనుమంతు కట్టిన పాటను చదువురాని జనం ఊరూరా గొంతెత్తి పాడారు. ఆ నోళ్ళకు వారసులైన పిల్లలు ఈనాడు పాఠశాలలో పెదవులు కదిలించడం నేర్చుకుంటున్నారు.

అసలు ప్రశ్న ఇంకొకటి మిగిలింది: ఆడుకోవడానికి, పాడుకోవడానికి తీరిక ఎవరికి వుంది? కామారెడ్డి పల్లెల్లో బీడీలు చేయని వాడకట్టు అరుదు. బడి విడిచి వచ్చిన పిల్ల పుస్తకాల సంచి దించి, తల్లి పక్కన చాట ముందు కూర్చుంటుంది. తునికాకు కత్తిరించి ఇస్తుంది, లేదా చుట్టిన బీడీ మూతి మడుస్తుంది. కూలి వెయ్యి బీడీల లెక్కన గనుక ఆ చిన్నచేతులు ఆగితే తల్లి వెయ్యి పూర్తికాదు. తండ్రి దుబాయిలోనో, మస్కట్‌లోనో వుంటాడు. సాయంత్రం ఐదింటికి మైదానంలో ఎవరో పుణ్యాత్ములు ఉచితంగా ఖోఖో నేర్పుతున్నారని ఆమెకు తెలుసు, పోలేదు. బడి వేళలోనే ఆటా పాటా పాఠంగా వుంటే ఆమెకు దక్కేవి. బడి వేళ దాటిన తర్వాత స్వచ్ఛందంగా జరిగేవన్నీ సాయంత్రం ఖాళీగా వుండే ఇండ్ల పిల్లలకు పోతాయి. సేవ ఎంత గొప్ప మనసుతో చేసినా ఇక్కడ దాని ఫలం ఎటు పారుతున్నదో చూడండి: పల్లం మిట్టల తేడా ఎరిగిన రైతుకు ఇది చెప్పనక్కరలేదు.

2024లో బడులకు "అమ్మ ఆదర్శ పాఠశాల" కమిటీలు వచ్చాయి. మహిళా సంఘాల స్త్రీలు వాటికి ముందు నిలిచారు. మన వైపు వారిలో బీడీ కార్మికులు చాలామంది. మరుగుదొడ్ల మరమ్మతుకు, కరెంటు వైర్లకు, నల్లాలకు సంతకాలు పెట్టారు, పనులు చేయించారు. వారికి విద్యాహక్కు చట్టం చివరనున్న ఆ పట్టికను తెలుగులో ఒక కాగితం మీద వ్రాసి ఇవ్వడానికి మన ఉపాధ్యాయ సంఘాలకు, విద్యార్థి సంఘాలకు ఎంత ఖర్చవుతుంది? వచ్చే సమావేశంలో ఆ కాగితం చేత పట్టుకొని, మా బడిలో నూరుగురి పైన పిల్లలున్నారు, ఆటకు మనిషి ఏడి, పాటకు మనిషి ఏదని వాళ్ళు మండల విద్యాధికారిని అడగగలరు. ఆ అడిగేవాళ్ళలో సగం మందికి ఊరి బతుకమ్మ పాటలు నోటికి వచ్చు.